రెక్కల గుర్రాన్ని దిద్దకండి

బచ్చా గుర్రం గీసి దానికి రెక్కలు పెడితే మన ఇళ్లలో అబ్బా వెంటనే రబ్బర్ అందుకుంటాడు. "గుర్రానికి రెక్కలుంటాయా? పోయి సబఖ్ చదువుకో!" ఆ రబ్బర్ గీతతోపాటు బిడ్డ ఖయాల్‌నీ చెరిపేస్తుంది.

హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల్లో పీలికల రెక్కలున్న గుర్రం ఉండేదని అబూ దావూద్ హదీసు. గుర్రానికి రెక్కలా అని రసూలుల్లాహ్ (స) అడిగితే, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె జవాబిచ్చారు. ఆయన హాయిగా నవ్వారు. దిద్దలేదు.

నా మష్వరా ఒకటే. ఆ కాగితాన్ని కారీగర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. వాళ్లకు రెక్కలు ముష్కిల్ కాదు. మీ గల్లీ వడ్రంగి భాయ్ కూడా చేయగలడు. షరతు ఒక్కటే: వంకర కాలు వంకరగానే ఉండాలి. బిడ్డను పక్కనే కూర్చోబెట్టండి. తన గీత వెనక ఇంకొకరి మెహనత్ ఎంత ఉందో కళ్లారా చూస్తాడు. చేతిపనికి ఇజ్జత్ ఇవ్వడం అక్కడే నేర్చుకుంటాడు.

ఖర్చంటారా? రంజాన్ ఈద్‌కి కొన్న ప్లాస్టిక్ కారు బక్రీద్ దాకా ఉండదు. ఈ గుర్రంతో వాడి ఔలాద్ కూడా ఆడుకుంటుంది.