చక్రం కింద రాయి

మా ఇంట్లో ఒక రాయి ఉంది. రుబ్బురోలు కాదు, గుమ్మం ముందు మెట్టు రాయీ కాదు. మా నాన్న టాటా ఏస్ వెనక చక్రం కింద పెట్టే రాయి. బండి ఎక్కడ ఆగినా ముందు రాయి దిగాలి, ఆ తర్వాతే నాన్న దిగుతాడు. చిన్నప్పుడు ఆ రాయి పెట్టే ఉద్యోగం నాది. నేను విశాఖ వచ్చేశాక తమ్ముడికి ప్రమోషన్ వచ్చింది.

ఎప్పుడైనా మా కొయ్యూరు వైపు వస్తే గమనించండి. కొండ వాలు, మలుపు, మళ్లీ వాలు. ఆగి ఉన్న పాత బండి కింద రాయి కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. అది బండిలో ఒక పార్టు అన్నట్టే ఉంటుంది.

పోయినసారి సెలవుకి ఇంటికెళ్లినప్పుడు ఆ రాయి జారింది. ఇంటి ముందు కాస్త పల్లం. బండిలో జీడిపిక్కల బస్తాలు. హ్యాండ్ బ్రేక్ పైదాకా లాగే ఉంది, గేర్లో మాత్రం పెట్టలేదు. బండి చప్పుడు లేకుండా వెనక్కి నడిచి పనస చెట్టుకి కొట్టుకుని ఆగింది. ఆ చెట్టు కింద అప్పటిదాకా మా పిన్ని కూతురు కూర్చుని ఆడుకుంటోంది. ఆరేళ్లు దానికి. దాహం వేసి లోపలికి వెళ్లింది. అంతే. ఇంకేం జరగలేదు. వెనక డోరు కొంచెం వంగింది.

అప్పుడు నాన్న చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఇంకా పెద్ద రాయి వెతకడం.

“రాయి కాదు నానా, బ్రేక్ చూద్దాం” అన్నాను.

“ఏటి చూస్తావు? మొన్నేగా కేబుల్ బిగించేను” అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఈ వారం కథంతా ఆ కేబుల్ గురించే.

టాటా ఏస్ వచ్చింది 2005లో. ‘చోటా హాథీ’ అని దేశమంతా పిలుచుకున్న బండి. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, ముప్పావు టన్ను మోత. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకి డ్రమ్ బ్రేకులు. డ్రమ్ బ్రేక్ అంటే పాత సంగతే. ఫ్రాన్స్‌లో లూయీ రెనో దాన్ని కార్లకి ఒక దారిలో పెట్టింది 1902లో. నూట ఇరవై ఏళ్లు దాటినా వెనక చక్రాలకి ఇంకా అదే ఎందుకంటే ఖర్చు తక్కువ, బురదా దుమ్మూ లోపలికి అంత తేలిగ్గా పోవు, హ్యాండ్ బ్రేక్ దాంట్లోనే సులువుగా ఇమిడిపోతుంది.

లోపల ఉండేది ఇంతే. చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె, అదే డ్రమ్ము. దాని లోపల తిరగకుండా నిలబడే రెండు అర్ధచంద్రాలు, అవే బ్రేక్ షూలు. పెడల్ తొక్కితే వీల్ సిలిండర్ ఆ రెండు షూలనీ బయటికి నెడుతుంది, అవి డ్రమ్ము లోపలి గోడని ఒరుసుకుంటాయి. ఇందులో ఒక తమాషా ఉంది. తిరిగే డ్రమ్ము ముందున్న షూని తనవైపు ఇంకా లాక్కుంటుంది. తలుపు కింద చెక్క ముక్క దోపితే, తలుపు నెట్టేకొద్దీ ఆ ముక్క ఇంకా బిగుస్తుంది చూడండి, అలాగన్నమాట. మనం పెట్టిన బలం కంటే పట్టు ఎక్కువ వస్తుంది.

హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ ఒక లివర్ ద్వారా అవే షూలని విప్పుతుంది. అంటే షూలు అరిగిపోతే హ్యాండ్ బ్రేక్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఇంత చిన్న విషయం నాకు పాతికేళ్లు వచ్చేదాకా తెలీదు!

మర్నాడు పొద్దున్నే పని మొదలెట్టాం. యూట్యూబ్‌లో ముందురోజు రాత్రి ఐదు వీడియోలు చూశాను. అన్నీ విదేశీ పికప్పులవే. వాళ్ల షెడ్డు నున్నటి కాంక్రీటు, మన వాకిలి మట్టి. ఇంటి ముందున్న వాలు మీద వద్దని, స్కూలు దగ్గర చదునుగా, గట్టిగా ఉన్న చోటుకి బండి తీసుకెళ్లాం.

ఇక్కడే నాకు మొదటి దెబ్బ. డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి. గేర్లో పెడదామా? ఇంజను తిప్పేది వెనక చక్రాలనే. వెనక ఒక్క చక్రం గాల్లోకి లేచినా గేరు పట్టు పోతుంది. అంటే బండిని ఆపేది ఏంటి? ముందు చక్రాలకి అటూ ఇటూ పెట్టిన రాళ్లు!

నాన్న ఒక్క మాట అనలేదు. నావైపు చూసి మీసం సవరించుకున్నాడంతే.

జాకీ బండిని లేపడానికే, మోయడానికి కాదు. వెనక యాక్సిల్ కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పాం. స్టాండు మా దగ్గర లేదు, తెలిసినవాళ్లని అడిగి తెచ్చాం. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెడతారు చాలామంది. అవి బరువు పడగానే ఒక్కసారిగా పగులుతాయి, చెప్పిరావు. స్టాండు దొరక్కపోతే పని వాయిదా వేసుకోండి, అందులో సిగ్గేం లేదు.

డ్రమ్ము ఊడదీయడానికి గంట పట్టింది. తుప్పు. చుట్టూ సుత్తితో మెల్లగా తడుతూ తడుతూ ఉంటే ఒక్కసారి వదిలింది. లోపల నల్లటి పొడి. తమ్ముడు నోటితో ఊదబోయాడు, చెయ్యి అడ్డం పెట్టాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మన దేశంలో దాని వాడకాన్ని ఇంకా పూర్తిగా నిషేధించలేదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తుందన్నది తేలిపోయిన విషయం. అందుకే నోటితో ఊదకూడదు, గాలి పంపుతో అసలే కొట్టకూడదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, సబ్బు నీళ్లతో తడిపి గుడ్డతో తుడిచాం. ఆ గుడ్డని కవర్లో కట్టి పడేశాం.

అప్పుడు కనిపించింది. లైనింగు అరిగి అరిగి రివిట్ల తలలు బయటికి తేలాయి. ఆ రివిట్లు డ్రమ్ముని గీరి గాడులు పెట్టాయి. షూలని డ్రమ్ముకి దగ్గరగా ఉంచాల్సిన అడ్జస్టర్ తుప్పుతో బిగుసుకుపోయి, ఎన్నాళ్ల నుంచి కదల్లేదో మరి. వీల్ సిలిండర్ రబ్బరు మూత చివర గోరుతో ఎత్తి చూస్తే లోపల తడి. బ్రేక్ ఆయిల్ కారుతోంది.

అంటే ఇన్నాళ్లూ జరిగింది ఇదీ. షూలు అరిగాయి, హ్యాండ్ బ్రేక్ వదులైంది. నాన్న కేబుల్ బిగించాడు. ఇంకా అరిగాయి, మళ్లీ వదులైంది, మళ్లీ బిగించాడు. చివరికి బిగించడానికి కేబుల్‌లో మరలు అయిపోయాయి. అప్పుడు రాయి వచ్చింది. డ్రమ్ము మాత్రం ఎవరూ విప్పలేదు.

“నెలకోసారి చూసేవాణ్నిరా” అన్నాడు నాన్న మెల్లగా. నిజమే, చూశాడు. కనిపించే కేబుల్‌నే చూశాడు.

ఇదే బండి చింతపల్లి నుంచి లోడు ఎత్తుకుని లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం వెళ్తుంది. ఒక లెక్క చెప్తాను. లోడుతో టన్నున్నర ఉన్న బండి నిలువుగా 500 మీటర్లు కిందికి దిగితే వదిలే శక్తి దాదాపు 73 లక్షల జూళ్లు. ఇరవై ఐదు లీటర్ల మామూలు నీళ్లని మరిగే దాకా తెచ్చేంత వేడి అది! ఇంజను మీద భారం వేయకుండా న్యూట్రల్‌లో దిగితే ఆ వేడిలో ఎక్కువ భాగం బ్రేకుల మీదే పడుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది కూడా. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే బుడగలు వస్తాయి, పెడల్ దూదిలా లోపలికి పోతుంది. డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో దిగే అన్నలూ, దయచేసి ఈ పేరా మళ్లీ చదవండి.

సరే, పనిలోకొద్దాం. రెండో వైపు విప్పకుండా అలాగే ఉంచాం. అదే మాకు గైడు. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో అనుమానం వస్తే అటు వెళ్లి చూసుకోవచ్చు, కుడి ఎడమలు తారుమారవుతాయి అని గుర్తుంటే చాలు. విప్పే ముందు ప్రతి దశకీ ఫోన్‌తో ఫొటో. ఆ రోజు మా పనిముట్లన్నిట్లో ఎక్కువ పనికొచ్చింది అదే. స్ప్రింగులు మాత్రం జాగ్రత్త, కంటికి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. ఒకటి ప్లయర్ నుంచి జారి తుప్పల్లోకి ఎగిరితే అరగంట వెతికాం.

డ్రమ్ములు రెండూ నర్సీపట్నంలో లేతు మిషను దగ్గరికి పట్టుకెళ్లాం. చాలా డ్రమ్ముల మీద ఎంత వరకూ అరగొచ్చో గరిష్ఠ కొలత పోతపోసి ఉంటుంది. అది దాటితే మార్చాల్సిందే. మావి దాటలేదు. పలచగా ఒక పొర తీసి నున్నగా చేసిచ్చారు. షూలు, సిలిండర్లు రెండు వైపులకీ కొత్తవే కొన్నాం. ఒక పక్కే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక వైపుకి లాగుతుంది.

కొత్త షూలు బిగించి డ్రమ్ము ఎక్కించబోతే ఎక్కదు. తోశాను, తట్టాను, తిట్టాను. సుత్తి ఎత్తాను కూడా. చెట్టు కింద బీడీ కాలుస్తున్న నాన్న అప్పుడు లేచాడు. “కేబుల్ వదులు సెయ్యరా” అన్నాడు. ఇన్నాళ్లు తను బిగించిన కేబుల్ కొత్త షూలని విప్పి పట్టుకుని ఉంది! దాన్ని పూర్తిగా వదులు చేయగానే డ్రమ్ము మెత్తగా వెళ్లి కూర్చుంది.

వరస ఇదీ, రాసిపెట్టుకోండి. ముందు అడ్జస్టర్‌తో షూలని డ్రమ్ముకి దగ్గర చేయాలి. చక్రం తిప్పితే సన్నగా రాసుకునే దాకా తెచ్చి, కొంచెం వెనక్కి తిప్పాలి. కేబుల్ బిగించడం ఆఖర్న. మేం ఏళ్ల తరబడి ఆఖరి పనే మొదట చేశాం.

తర్వాత లైన్లో గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు. తమ్ముడు పెడల్ తొక్కి “నొక్కేను” అంటాడు, నేను నిపుల్ వదులు చేస్తాను, బుడగలతో ఆయిల్ సీసాలోకి వస్తుంది. నిపుల్ బిగించాకే “వదులు” అంటాను. నేను అనకముందే వాడు కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. రెండుసార్లు తీశాడు, రెండుసార్లు మొదటికొచ్చాం. ఇంకో మాట. సిలిండర్ రబ్బర్లని పెట్రోలుతో, డీజిల్‌తో కడగొద్దు, ఉబ్బి పాడైపోతాయి.

బండి కదలకముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కాం. స్కూలు గ్రౌండులో నడక వేగంతో పది సార్లు ఆపి చూశాం. బస్తాలు లేకుండా, మనుషుల్ని ఎక్కించకుండా మెల్లగా నర్సీపట్నం వెళ్లి అనుభవం ఉన్న మెకానిక్‌కి చూపించాం. ఆయన ఏమీ విప్పలేదు. వెనక చక్రాల దగ్గర చెయ్యి మడిచి వేడి చూశాడు. “కుడిది ఎక్కువ కాలుతోంది, రెండు పళ్లు వదులు చెయ్” అన్నాడు. నేను చూసిన ఐదు వీడియోల్లోనూ ఈ ముక్క లేదు.

అందుకే చెప్తున్నా, ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు. కానీ మీ పని మీరే పాస్ చేసుకోకండి. తెలిసిన చెయ్యి ఒకటి దాని మీద పడాలి. ఎందుకంటే బ్రేక్ తప్పితే దెబ్బ తగిలేది మనకొక్కరికే కాదు. చెట్టు కింద ఎవరు కూర్చుంటారో మనకి తెలీదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో బండి నడిపేవాళ్లని ఒక ప్రశ్న అడగండి. డ్రమ్ము విప్పి చూసి ఎన్నాళ్లైంది అని. “కేబుల్ బిగించాం” అనే జవాబు వస్తే ఏం చేయాలో మీకు తెలుసు.

ఆ సాయంత్రం అదే వాలులో బండి ఆపాడు నాన్న. హ్యాండ్ బ్రేక్ సగం లాగగానే పట్టింది. కదల్లేదు. దిగాడు. రెండు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి గేర్లో పెట్టాడు. తర్వాత తమ్ముణ్ని పిలిచి రాయి పెట్టించాడు.

నేనేమీ అనలేదు. పిన్ని కూతురు పనస చెట్టు కింద ఆడుకుంటోంది.