చెరకు తీపి, శనివారం కూలి



మన సంఘంలో ఒక సహోదరుడు మొలాసిస్ ట్యాంకరు నడుపుతాడు. కిందటి నెల ఆయన వెంట మేము, ఇద్దరు సంఘ పెద్దలు పోయి ఒక రమ్ము ఫ్యాక్టరీ చూసి వచ్చాము. "అయ్యగారు బ్రాందీ ఫ్యాక్టరీకి పోయినాడంట" అని ప్రొద్దుటూరులో అప్పుడే మాటలు మొదలైనాయి గనుక, ఏమి చూశామో మేమే చెబుతున్నాము.

చెరకు రసం కాచి చక్కెర తీసేశాక మిగిలే నల్లటి జిగట పాకమే మొలాసిస్. టన్ను చెరకుకు 40 నుంచి 50 కిలోల దాకా వస్తుంది. అందులో నీళ్లు, ఈస్టు కలిపి పులియబెడతారు. పులిసినదాన్ని కాచి, ఆవిరయ్యే ఆల్కహాలును చల్లార్చి పట్టుకుంటారు. రమ్ముకే కాదు, మన దేశంలో చౌకగా దొరికే బ్రాందీ, విస్కీలకు కూడా చాలావరకు ఈ స్పిరిటే ఆధారం. రంగు వేరు, లేబులు వేరు, సరుకు ఒక్కటే.

చివర్లో చిన్న గ్లాసులో పోసి, "రుచి చూడండయ్యా, ప్రసంగానికి పనికొస్తుంది" అన్నారు. వాసన చూసి పక్కన పెట్టాము. మా భక్తి గొప్పదని కాదు. ఆ వాసనకు మాకు ఒక ఇల్లు గుర్తొచ్చింది.

కొన్నేళ్ల కిందట పులివెందుల దగ్గర ఒక పల్లెలో ఒక సహోదరుడు కూటంలో కన్నీళ్లతో లేచి తాగుడు మానేస్తానన్నాడు. "ఈ రోజు నుంచే చుక్క ముట్టొద్దు" అని చేతులుంచి ప్రార్థించాము. రెండో రోజు రాత్రి ఆయనకు చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, లేనివి కనబడుతున్నాయని కేకలేశాడు. మేము దయ్యమనుకున్నాము. తెల్లవార్లూ ప్రార్థించాము గాని ఆసుపత్రి మాటే ఎత్తలేదు. తెల్లారి ఆయన భార్య మమ్మల్ని అడగకుండానే ఆటో పిలిపించింది. ఏళ్ల తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా మానితే ఇలా అవుతుందని, ప్రాణం కూడా పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ సహోదరుడు బ్రతికాడు. అది దేవుని కృప, ఆ తల్లి తెలివి. తప్పు మాత్రం మాది.

తాగుడు విషయంలో మేము మెత్తబడలేదు. సామెతలు 23వ అధ్యాయం ఇప్పటికీ చదివి వినిపిస్తాము. కానీ "మానేయ్" అని చెప్పి ఇంటికి పోతే కాపరి పని అయిపోదు. జమ్మలమడుగులో సువార్త చెప్పిన లండన్ మిషనువారు ఆసుపత్రి కూడా నడిపారు. క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు తెలియని ఇల్లు ఆ పక్క లేదు. పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్న మాటను తాగేవాళ్లు తమకు సాక్ష్యంగా తెచ్చుకుంటారు. మాకు అందులో కనబడేది వేరు. జబ్బుకు మందు వాడడం అవిశ్వాసం కాదని పౌలుకు తెలుసు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. చట్టం వస్తుంది, పోతుంది. శనివారం సాయంత్రం కూలి డబ్బు ఇల్లు చేరుతుందా, అంగడి చేరుతుందా అన్నది మాత్రం ప్రతి వారం తేలవలసిందే.

అందుకే ఇకమీదట శనివారం సాయంత్రం, కూలి పంచే వేళకే మందిరం తెరిచి ఉంచుతాము. పనిమీదనుంచి నేరుగా రండి. మానాలనుకున్నవారు ముందు మాతో చెప్పండి, డాక్టరు దగ్గరికి మేమూ వస్తాము. అమ్మలారా, పరువు పోతుందని దాచవద్దు. అర్ధరాత్రయినా మా తలుపు తట్టండి. ఈసారి ప్రార్థన ఆటోలో చేద్దాము.

దేవుడు మీ ఇండ్లను దీవించును గాక. ఆమేన్.