వేట ఆగుతాది, అద్దె ఆగదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లకు వేట బంద్. భావనపాడు తీరంలో ఆ 61 రోజులూ బోటు ఒడ్డునే ఉంటుంది. సొంతిల్లు లేనోళ్లకి అద్దె మాత్రం నెలనెలా తలుపు తడుతుంది. వేట నిషేధ భృతిని 2025లో పదివేల నుంచి 20 వేలకు పెంచారు, మంచిదే. కానీ కొట్టు బాకీ తీరాక అందులో ఎంత మిగులుతాది?

పంచాయతీకి ఇంటి పన్ను పద్దు ఉంది. అద్దె బాకీ పడ్డోళ్లకి సాయం చేసే పద్దు నేనెక్కడా చూడలేదు. ఇంగ్లండ్‌లో ఇల్లు పోయేలా ఉంటే స్థానిక కౌన్సిల్ ఆదుకోవాలని 2017లో చట్టమే చేశారు. మన సచివాలయంలో అడిగితే స్థలానికి దరఖాస్తు పెట్టమంటారు.

ఆ స్థలం మొన్నటిదాకా పల్లెల్లో సెంటున్నర, అంటే 72 గజాలు. ఇప్పుడు మూడు సెంట్లంటున్నారు. సెంటున్నరలో మనుషులు ఎలాగో సర్దుకుంటారు, మరి వల ఎక్కడ పెడతారు? ఇంజిను?

సరే, స్థలం వచ్చిందనుకోండి. కట్టుబడి బిల్లులు విడతలవారీగా వస్తాయి: పునాదికింత, గోడలకింత, శ్లాబుకింత. ఒక విడత ఆగిందా, ఇటు అప్పుకి వడ్డీ, అటు అద్దె. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇల్లు పూర్తయ్యేదాకా ఆ కుటుంబం ఎక్కడుంటుందో ఎవరూ లెక్కేసినట్టు లేదు.

ఈసారి గ్రామసభకి మీరూ వెళ్లండి. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె సాయం కావాలని తీర్మానం రాయించండి. రాశాక ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.