ఊరి సంచిని వద్దనకండి

మన ఇళ్ళలో ఈమధ్య ఒక మాట ఎక్కువగా వినిపిస్తోంది: "అంత పంపొద్దు, ఇక్కడ పాడైపోతాయి." కోలారు వైపు నుంచి బెంగుళూరుకు ఎవరు బయల్దేరినా చేతిలో ఒక సంచి ఉంటుంది. కొత్తిమీర, మెంతిసొప్పు, దంటుసొప్పు, బీన్సు, వంకాయలు, టమాటోలు. పంపేది పెద్దవాళ్ళు, వద్దనేది మన తరం. ఆ మాట సరికాదని మా అభిప్రాయం. సంచి పెద్దదని కూరగాయలు పాడు కావు. అన్నిటినీ ఒకే కవర్లో కుక్కి ఫ్రిజ్జులోకి తోస్తే పాడవుతాయి.

కూరగాయ అంటే ఎక్కువ భాగం నీళ్ళే. సొప్పులో నూటికి 90 పాళ్ళు, దోసకాయలో 95 దాకా. కోసిన తర్వాత కూడా ఆకు నీటిని వదులుతూనే ఉంటుంది, వేరు నుంచి మాత్రం కొత్త నీరు రాదు. కొద్ది పాళ్ళు పోయినా చాలు, వాడిపోతుంది. మన కోలారులో ఏడాది పొడవునా పారే నది లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు మనకు కొత్త కాదు. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకం కింద మన చెరువులకు పంపుతున్నారు. నీళ్ళకు ఇంత కష్టపడే ఊరు పండించిన ఆకును నాలుగో రోజుకే చెత్తబుట్టలో వేయడం న్యాయమా?

అవ్వల కాలంలో ఫ్రిజ్జు లేదు. నీళ్ళ కుండ పక్కన చల్లటి మూలలో తడి గోనె కప్పి కాయలు పెట్టేవాళ్ళు. దాన్ని చాదస్తం అనుకోకండి. తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతుంది, చుట్టూ గాలి తేమగా ఉంటుంది. ఢిల్లీ పూసా సంస్థవాళ్ళు రెండు ఇటుక గోడల మధ్య తడి ఇసుక నింపి, కరెంటు లేని చల్లగూడు చేసింది కూడా ఈ సూత్రం మీదే. గాలి ఎంత పొడిగా ఉంటే అది అంత బాగా పనిచేస్తుంది. వానాకాలంలో అంతగా పనికిరాదు, అదీ చెప్పాలి.

ఫ్రిజ్జు ఉన్న మనం చేయాల్సింది ఇంతే. సొప్పును కడగకుండా, కుళ్ళిన ఆకులు ఏరేసి, తడి ఆరనిచ్చి, పాత పంచె గుడ్డలో చుట్టాలి. తర్వాత మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. డబ్బా తేమను బయటికి పోనివ్వదు, గుడ్డ నీటిబొట్లను పీల్చుకుంటుంది. పేపర్లో చుట్టే అలవాటు మానుకుందాం. అచ్చు సిరా తిండికి అంటుతుందని ఎఫ్ఎస్ఎస్ఎఐ కూడా వద్దంది. పచ్చిమిరపకాయల తొడిమలు తీసేయాలి. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌ల ఆకులు వెంటనే కోసేయాలి, లేకపోతే ఆకు గడ్డలోని నీటిని లాగేస్తుంది.

టమాటోలు బయటే ఉండనీయండి. చలికి వాటి రుచి పోతుంది. వంకాయ, బెండ, దోసకాయలకూ ఫ్రిజ్జు చలి ఎక్కువే, కొద్ది రోజుల్లో గుంటలు, మచ్చలు పడతాయి. అందుకే వాటిని ముందు వండేయాలి. ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు వేరువేరుగా, గాలి ఆడే చీకటి చోట ఉండాలి. మాగిన అరటిపండ్ల పక్కన సొప్పు పెట్టొద్దు. పండు వదిలే ఎథిలీన్ వాయువుకు ఆకు త్వరగా పసుపెక్కుతుంది.

నమ్మకం లేకపోతే పరీక్ష పెట్టండి. ఒకే కొత్తిమీర కట్టను రెండు భాగాలు చేసి, ఒకటి వచ్చిన కవర్లోనే, ఇంకొకటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. నాలుగో రోజు రెండూ తీసి చూడండి. మేము చెప్పింది నమ్మాల్సిన అవసరం ఉండదు.

"ఇదంతా చేసేందుకు టైమెక్కడ?" అంటారు. అడగాల్సిన మాటే. కానీ ఈ పని ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. సంచి తెచ్చేది మగవాళ్ళు, విప్పి, ఏరి, చుట్టేది ఆడవాళ్ళు అయితే ఆ అలసట నుంచే "పంపొద్దు" అనే మాట వస్తుంది. తెచ్చినవాళ్ళే విప్పాలి. ఇద్దరు కూర్చుంటే అరగంట పని.

పది నిమిషాల్లో కూరగాయలు గుమ్మం ముందుకు వచ్చే కాలం ఇది, నిజమే. కొనుక్కోవచ్చు. కానీ ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళు ఫోన్లో ఎక్కువ మాట్లాడలేరు. సంచి కట్టడమే వాళ్ళ పలకరింపు. వద్దంటే వాళ్ళకు ఒక పని తగ్గదు, ఒక దారి మూసుకుపోతుంది. నిజంగా ఎక్కువైతే "సొప్పు కొంచెం తగ్గించి, ఎక్కువ రోజులు నిలిచే గుమ్మడికాయ, చిలగడదుంప పంపండి" అని చెప్పొచ్చు. ఈసారి ఊరికి పోయేటప్పుడు రెండు ఉతికిన పంచె ముక్కలు, ఒక డబ్బా వెంట తీసుకుపోండి. సొప్పును అక్కడే చుట్టుకుని రావచ్చు.