పేరడుగని పొరుగు



గత మాసమున పెరటి మొక్కలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వాకిటి వంకకు దృష్టి మరల్చుదము. మీ పొరుగువా రెవరని యెవరైన నడిగినచో, కుడియింటివారిని, ఎడమయింటివారిని, ఎదురింటివారిని చెప్పుదుము. వీథి మలుపున మూసిన దుకాణపు టరుగుమీద పరుండువారిని మాత్ర మెవ్వరమును చెప్పము. గోడ లేనివారితో ఇరుగుపొరుగు వరుస యేమి యని కాబోలు!

మా వీథి చివర నట్టి వృద్ధురా లొకతె యుండెను. మూడునెలలు ప్రతిరాత్రియు మిగిలిన యన్నమును, పులుసును పొట్లముగా గట్టి మా చిన్నవానిచేత నామెకు పంపుచుంటిమి. ఇంటిలో దానికి “ముసలమ్మ పొట్లము” అని పేరు పడినది. ఆ పొట్లము గడప దాటిన పిదప మాకు నిద్ర చక్కగా పట్టుచుండెను. ఆదివారపు టారాధనలో మంచి సమరయుని కథ చదువునప్పుడు, యాజకుడును లేవీయుడును పరులనియు, సమరయుడు మాత్రము మావంటివాడనియు లోలోన ననుకొనుచుంటిమి.

శ్రావణమాసపు ముసురులో మూడుదినము లామె కానరాలేదు. జ్వరముతో పడియుండగా 108 బండిలో పెద్దాసుపత్రికి తీసికొనిపోయిరని టీ దుకాణపువాడు చెప్పెను. మేము వెళ్లితిమి. నర్సమ్మ కాగితము పట్టుకొని, “ఆమె పేరేమమ్మా? మీకేమి కావలెను?” అని యడిగినది. మా నోట మాట రాలేదు. పేరు తెలియదు. వరుస తెలియదు. తెలిసిన దొక్కటే: ఆమెకు మా యింటి పులుసు ప్రియమని. అదియు నిజము కాదని పిదప దెలిసినది. నోట పూతవలన కారము సహింపలేక, అన్నమును నీటితో కడుగుకొని తినుచుండెనట.

మమ్ము జూచి యా యవ్వ మొదట నడిగిన ప్రశ్న, “పిల్లవాడు రాలేదా తల్లీ?” అని. వానిని పేరుపెట్టి యడిగినది. పొట్లము తెచ్చిన మొదటినాడే వాని పేరు, వాడు చదువు తరగతి, వానికి చీకటియన్న భయమా కాదా యన్నదియు నడిగి తెలిసికొన్నదట. వాడు తిరిగి మా గుమ్మ మెక్కువరకు అరుగుమీద లేచి కూర్చుండి చూచుచుండెడిదట.

ఆ రాత్రి లూకా సువార్త పదియవ అధ్యాయమును మరల తీసి చూచితిమి. ధర్మశాస్త్ర మెరిగిన పండితు డొకడు, తన పొరుగువా డెవడని యేసును ప్రశ్నించెను. ఎంతవరకు ప్రేమింపవలయునో యెల్ల గీయుమని దాని భావము. యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవలో దొంగలచేత గాయపడిన వాని కథను చెప్పి, ఆ ముగ్గురిలో వానికి పొరుగువా డైనవా డెవడని యేసు తిరుగ నడిగెను. పొరుగనునది ఇంటి హద్దును బట్టి యుండునది కాదు, మనము కావలసినది. ఆ లెక్కను మా వీథిలో పొరుగైన దెవరు? మేము కాము, ఆ యవ్వయే.

ఇంకొక సంగతియు నప్పుడే తోచినది. సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టుటతో తన పని ముగిసెననుకొనలేదు. పూటకూళ్ల యింటికి జేర్చి, ఆ రాత్రి తానే పరామర్శించి, మరునాడు రెండు దేనారము లిచ్చెను. దేనారమనగా నాటి కూలివానికి దినపు కూలి. ఎక్కువైన వ్యయమును తిరిగి వచ్చినప్పుడు చెల్లింతు ననెను. మన పొట్లమునకు లేనిది ఈ తిరిగి వచ్చుటయే.

398వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపుల్ నగరమునకు బిషప్పైన యోహాను క్రిసోస్తొము, దేవాలయమువారి సత్రమున్నదిగదా యని గృహస్థులు తప్పించుకొనుటను మందలించెను. ప్రతి యింటను అతిథికై యొక గది, మంచము, దీపము ఉండవలయునని యాయన బోధ. అమెరికాలో డొరతీ డే యను పాత్రికేయురాలు 1933లో న్యూయార్కున పత్రిక యొకటి స్థాపించి, తోడివారితో గూడ అట్టి యతిథిగృహములను నడపి, 1980లో మరణించువరకు నిరాశ్రయులనడుమనే జీవించెను. ఈ దయ యొక మతమువారి సొత్తును గాదు. నలువదియెనిమిది దినములు పస్తున్న రంతిదేవుడు తుదకు మిగిలిన మంచినీటిని గూడ దప్పిగొన్న పుల్కసునకు పోసిన కథను మనము భాగవతమున చిన్ననాడే వింటిమి.

మనదేశమున నిట్టివా రెందరు? 2001 నుండి 2011 వరకు ఇల్లులేనివారి మొత్తము 19.4 లక్షలనుండి 17.7 లక్షలకు తగ్గగా, పట్టణములందు మాత్రము 7.8 లక్షలనుండి 9.4 లక్షలకు పెరిగినదని జనగణన తెలుపుచున్నది. 2010లో సుప్రీంకోర్టు రాత్రి వసతులను గూర్చి యుత్తరువు లిచ్చెను. పిమ్మట జాతీయ పట్టణ జీవనోపాధి పథకమున, లక్ష జనాభాకు నూరుగురు తలదాచుకొను వసతిగృహ మొకటి యుండవలయునని నియమ మేర్పడెను. మన యూర నది యెక్కడ నున్నదో మనలో నెందరికి దెలియును? మాకును ఆ దినమువరకు తెలియదు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. మీ యూరి వసతిగృహ మెక్కడ నున్నదో, స్త్రీలకు ప్రత్యేకముగా గది గలదో లేదో నేడే కనుగొనుడు. అన్నము పెట్టుటకు ముందు ఏది తినగలరో యడుగుడు. స్నానమునకు మరుగు, రాత్రి భయములేని చోటు, తడియని పరదాపట్టా, ఇవి స్త్రీకి అన్నముతో సమానములు. చిరునామా లేనిదే పింఛను కాగితము కదలదు. వసతిగృహపు టధికారి వ్రాసియిచ్చు పత్రము అందునకు తోడ్పడును. కచేరీకి నామెతోగూడ పోయి ప్రక్కన కూర్చుండుడు. ఒంటరిగా వచ్చిన ముసలమ్మకు “రేపు రమ్మ”ని చెప్పువాడు, తోడు గలదానికి కుర్చీ చూపును. రమ్మన్నను రానిచో బలవంతము వలదు; ఆమె మూటయు, ఆమె యిష్టమును ఆమెవే.

మా యవ్వ యిప్పుడు నగరపాలకసంస్థవారి స్త్రీల వసతిగృహమున నున్నది. ఇల్లు దొరకినదని చెప్పజాలము; అక్కడ నామెకు మంచ మొకటి, పెట్టె యొకటి కలవు. ప్రతి యాదివారమును కారము లేని పప్పన్నముతో మేమును చిన్నవాడును వెళ్లుచున్నాము. కొన్ని వారములు మాటలాడును, కొన్ని వారములు గోడవైపు తిరిగి పరుండును. అట్టి దినములందు గిన్నె యక్కడ నుంచి, వచ్చువారము వత్తుమని చెప్పి వచ్చుచున్నాము.

ఆమె పేరు మాకిప్పుడు తెలియును. ఆ పేరిక్కడ వ్రాయము. మీ వీథి మలుపున నున్నవారి పేరును మీరే పోయి యడుగవలయును.