పాటకు మైకు, మాటకు తాళం

ఈ దేశంలో కమ్యూనిటీ రేడియో పెట్టుకున్నవాళ్లు జానపదాలు ఎన్నయినా వేసుకోవచ్చు. సొంతంగా వార్తలు మాత్రం చెప్పకూడదు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా ఈ రేడియోలు ఇస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించినప్పుడే పెట్టిన షరతు ఇది. దీనిమీద మనవాళ్లు పెద్దగా నోరు విప్పడం లేదు. పైగా "మన పాటలకు రేడియోలో గంట ఇచ్చిండ్రు గదా" అని సంబరపడేవాళ్లే ఎక్కువ. ఆ సంబరం దగ్గరే మాకు పేచీ ఉంది.

అన్నలారా, అక్కలారా, ఊరికి మొదటి రేడియో ఏది? మన డప్పు. పంచాయితీ కూర్చుంటుందన్నా, శిస్తు కట్టాలన్నా, చెరువు తూము తీస్తారన్నా, జాతర అన్నా డప్పు మెడలో వేసుకొని వీధి వీధీ తిరిగి చాటింది మనోడే. గొంతు మనది. మాట కరణానిది, పటేలుది, దొరది. చాటినందుకు కళ్లం కాడ పిడికెడు గింజలు, అవి కూడా వాళ్లకు బుద్ధి పుడితేనే. మాదిగవాడలో బిడ్డ జ్వరంతో పోయిందని, మాలవాడకు తాగే నీళ్లు లేవని, ఫలానా ఆసామి నాట్ల కూలి ఎగ్గొట్టాడని ఏనాడైనా దండోరా పడిందా? పడనిచ్చారా? ఊరందరి వార్త మోసిన డప్పుకు తన వాడ వార్త చెప్పే హక్కు లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ డప్పు మొదటిసారి సొంత మాట చాటింది. (వర్గీకరణ మీద మన రెండు వాడల మధ్య ఉన్న తగాదా వేరే సంగతి. ఇక్కడ దాని జోలికి పోము.)

ఇప్పుడు రేడియో సంగతి చూడండి. క్రికెట్ ఆట ప్రసారం మీద వచ్చిన తగాదాలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు జేబులో సొత్తు కాదు అని. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ పి.బి. సావంత్. ప్రజల ఆస్తి అన్న తర్వాత వాడకు ఎప్పుడు రావాలి? వెంటనే రావాలి. కాని 2002లో ముందుగా చదువుల సంస్థలకిచ్చారు. మిగతావాళ్లకు 2006 దాకా తలుపు మూసే ఉంది.

మెదక్ జిల్లాలో, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా అంటున్నాం, ఝరాసంగం మండలం మాచునూరు అనే ఊరుంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్ల దగ్గర చాలా ఏళ్ల ముందునుంచే మైకులున్నాయి, రికార్డింగు గది ఉంది. లైసెన్సు లేదు. ఏం చేశారు? చేతులు ముడుచుకొని కూర్చున్నారా? క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో పెట్టి విన్నారు. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. 90.4. ప్రారంభించడానికి వచ్చింది ఆ తీర్పు రాసిన సావంత్ గారే. జొన్నలు, సామలు, విత్తనాలు దాచే తీరు, చెట్ల మందులు, పాటలు అన్నీ వాళ్ల భాషలోనే. అక్కడ పాట ఊరికే పాట కాదు, కలుపు తీసే చేతితో, విత్తనం దాచే బుట్టతో కలిసి వస్తుంది. మైకు పట్టుకున్నదీ వాళ్లే, పాడేదీ వాళ్లే. కమ్యూనిటీ రేడియో అంటే ఇదీ.

అయినా ఆ అక్కలు కూడా మొన్న రేషను షాపులో జరిగిన మోసాన్ని వార్తగా చదవాలంటే షరతు అడ్డమొస్తుంది. ప్రైవేటు ఎఫ్.ఎం.లకు కూడా సొంత వార్తలు లేవు కదా అని ఒకాయన మాతో వాదించాడు. నిజమే, లేవు. కాని ఆ షావుకార్లకు పేపర్లున్నాయి, టీవీలున్నాయి. వాడకేమున్నాయి? పైగా ఇది వంద వాట్ల ట్రాన్స్‌మిటర్. ముప్పై మీటర్లకు మించని స్తంభం. పది పన్నెండు కిలోమీటర్లు వినిపిస్తే గొప్ప. ఓ మండలమంత గొంతుకు ఢిల్లీ ఎందుకింత భయపడుతుందో ఆలోచించండి.

మాచునూరులాంటివి ఎన్నున్నాయి? చాలాచోట్ల జరిగేది వేరు. మా జిల్లాలో ఒక రేడియోవాళ్లు వాడకొచ్చారు. మనోళ్లు నిప్పు చేసి డప్పులు కాచారు, చిర్ర, చిటికెన పుల్ల అందుకొని పొద్దు గుంకేదాకా కొట్టారు. ఆడవాళ్లు పాడారు. వచ్చినవాళ్లు రికార్డు చేసుకొని, చాయ్ తాగి పోయారు. ప్రసారంలో వినిపించిన మాట "గ్రామీణ కళాకారుల జానపదం". పేరు లేదు, వాడ లేదు, కులం లేదు, కూలి అసలే లేదు. కులం చెబితే గొడవలవుతాయట! కీర్తన వేసినప్పుడు రాసిందెవరు, పాడిందెవరు, పక్కన వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని వరసగా చదువుతారు గదా. మన పాట కాడికి వచ్చేసరికే జానపదం అంటారు. జనపదం పాడదు, మనిషి పాడుతుంది. ఆ మనిషికి పేరుంది, వాడుంది, తెల్లారితే పోవాల్సిన కూలి ఉంది.

మేము బడిపంతుళ్లం. మీ నాయన ఏం జేస్తడురా అని అడిగితే డప్పు కొడ్తడని చెప్పలేక తల దించుకునే పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. అదే దెబ్బ రేడియోలో జానపదం అయితే తక్కిన పిల్లలంతా బెంచీల మీద తాళం వేస్తారు.

పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమా పాటలో ఆయన గొంతు ఊరూరా మోగింది. 2024లో ఆయన హైదరాబాదు శివారులో కూలి పని చేస్తున్నాడని పేపర్లు రాశాయి. డక్కలి కులపాయన కిన్నెరను ఎత్తుకున్న చేతులకు ఆయన బతుకు బరువైంది.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. ఇంగ్లండు పక్కన ఐర్లండు అనే చిన్న దేశముంది. అక్కడి పల్లె సంగీతాన్ని సెల్టిక్ సంగీతం అని పేరుపెట్టి లోకమంతా చిన్న చిన్న రేడియోలు సైతం వారానికో గంట వేస్తుంటాయి. సెల్టిక్ అన్నది అసలు ఒక భాషల కుటుంబం పేరు. ఆ పేరు కింద ఎవరెవరు కలిసిపోయారో వినేవాళ్లకు తెలియదు. ఆ దేశంలో ట్రావెలర్లు అనే జనమున్నారు. గుర్రపు బండ్లలో తిరుగుతూ రేకు సామాన్లకు మాట్లు వేసి, గుర్రాలు అమ్ముకొని బతికినవాళ్లు. ఊరి పక్కన దిగనియ్యరు, కల్లు దుకాణంలాంటి వాళ్ల పబ్బుల్లోకి రానియ్యరు. ఆ జనంలో జానీ డోరన్ అనే ఆయన గొప్ప వాయిద్యగాడు. మన వీధి భాగవతంలో శ్రుతికి పట్టే తిత్తి ఉంది చూడండి, దానికి తోబుట్టువులాంటి వాయిద్యం. 1947లో ఆ దేశపు జానపద కమిషన్ వాళ్లు ఆయన పాటలు రికార్డు చేసి దాచారు. మరుసటి ఏడు డబ్లిన్‌లో బండి ఆపుకున్న చోట గోడ కూలి ఆయన మీద పడింది. నడుము పోయింది. 1950లో చనిపోయాడు. ఆ రికార్డులను ఇప్పటికీ కళ్లకద్దుకొని వింటారు. ఆ జనానికి మాత్రం ఏమిచ్చారు? 1963లో సర్కారు వేసిన కమిషన్ మీ తిరుగుడు బతుకే సమస్య, మందిలో కలిసిపోండి అన్నట్టు చెప్పింది. మీరు వేరే జాతి అని ప్రభుత్వం ఒప్పుకున్నది 2017 మార్చి 1న. పాటను దాచిన డెబ్బై ఏండ్లకు!

అదే దేశంలో ఇంకో సంగతి జరిగింది. పడమటి సముద్రపు ఒడ్డున కొన్నమారా అనే బీద ప్రాంతం. అక్కడివాళ్లు ఇంట్లో మాట్లాడేది ఐరిష్ భాష, ఆఫీసుల్లో చెల్లేది ఇంగ్లీషు. పౌరహక్కుల ఉద్యమం కట్టారు. 1970లో లైసెన్సు గిసెన్సు లేకుండా సొంత రేడియో గాలిలోకి వదిలారు. రెండేళ్లకే, 1972 ఏప్రిల్ 2న, సర్కారే వాళ్ల భాషలో స్టేషను తెరిచింది. అందులో పాటలూ ఉన్నాయి, వార్తలూ ఉన్నాయి. వాళ్లు పాటల గంట అడగలేదు, స్టేషను అడిగారు.

మనం అడుగుతున్నదేమిటి? ఇంకో జానపద గంట కావాలని అర్జీలు రాస్తున్నాం. ఆ అర్జీలు ఇకనుంచి మేము రాయం. సంఘాలవాళ్లు కూడా రాయొద్దని కోరుతున్నాం. కమ్యూనిటీ రేడియోల్లో సొంత వార్తల మీదున్న నిషేధం ఎత్తెయ్యాలని రాద్దాం. ప్రతి స్టేషను నడిపే కమిటీలో వాడ మనుషులు, అందులో సగం ఆడవాళ్లు ఉండాలని రాద్దాం. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారు కావాలని వాళ్ల నిబంధనలే చెబుతున్నాయి గనక, ఆ సగంలో వాడ ఎంత అని నిలదీద్దాం.

ఈలోగా రేడియో జీపు మీ వాడకొస్తే డప్పు కాచకముందే అడగండి. పేర్లు చదువుతారా? మా వాడ పేరు చెబుతారా? ఒక పూట కూలి పోతుంది, అదెంత ఇస్తారు? రికార్డు కాపీ మాకిస్తారా? ఈ నాలుగూ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే చాయ్ పోసి పంపించండి, డప్పు మాత్రం దండెం మీదినుంచి దించొద్దు.