బటన్ నొక్కే ముందు

మొన్న మా భాంజా ఆపా పాత పిక్సెల్ ఫోన్‌ని వైరుతో లాప్‌టాప్‌కి తగిలించి, క్రోమ్‌లో ఒక పేజీ తెరిచి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించాడు. విండోస్, మ్యాక్, లినక్స్, దేనిలోనైనా నడుస్తుందట! ఒకప్పుడు నల్లతెర మీద కమాండ్లు కొట్టాలి, లేదా దుకాణం ఉస్తాద్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్, గ్రాఫీన్‌ఓఎస్ వెబ్ ఇన్‌స్టాలర్ ఆ మొహతాజీ తీసేశాయి. దీని వెనక ఉన్నది వెబ్‌యూఎస్‌బీ. మనం ఇజాజత్ ఇస్తేనే పేజీ ఫోన్‌తో మాట్లాడుతుంది.

పేచీ ఆ ఇజాజత్ దగ్గరే. చదవకుండా ‘సరే’ నొక్కడం మనకు ఆదత్. ఈ ఖతరా చూసే మొజిల్లా వెబ్‌యూఎస్‌బీని వద్దంది. ఆ అందేషా ఝూఠా కాదు. అయినా నేను ఈ పనిముట్ల తరఫే. తాళం చెవి ఉస్తాద్ ఒక్కడి దగ్గరే ఉండటం నాకు నచ్చదు.

కానీ బూట్‌లోడర్ తాళం తీస్తే ఫోన్‌లో ఉన్నదంతా సాఫ్. ఆ మాట తెలుగులో, ఉర్దూలో, బటన్ కన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆపా ఫోన్‌లో మరహూమ్ అబ్బా గొంతు ఉంది. “అన్నీ కాపీ అయ్యాయా బేటా?” అని ఆపా రెండుసార్లు అడిగాకే వాడు బటన్ నొక్కాడు.